బడిలో వద్దు సరే, మరి ఇంట్లో?



పిల్లల్ని బడిలో చేర్పించేటప్పుడు మన చేత సంతకం పెట్టించుకునే కాగితాల్లో, విద్యార్థులు సెల్‌ఫోన్లు తీసుకురాకూడదన్న నిబంధన ఒకటి ఉంటుంది. చదవకుండానే సంతకం పెట్టేస్తాం. ఆ ఒక్క వాక్యం సరిపోతుందా? ఇవాళ దాని గురించి మాట్లాడుకుందాం.

2023 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో విద్యార్థులు ఫోన్లు వాడడాన్ని నిషేధించింది. ఆ ఉత్తర్వు పిల్లలతోనే ఆగలేదు. టీచర్లు కూడా ఫోన్ పట్టుకుని క్లాసులోకి వెళ్లకూడదనీ, ముందే హెడ్మాస్టరుకు అప్పగించాలనీ చెప్పింది. నాకు నచ్చింది ఇదే. బల్ల మీద మాస్టారి ఫోన్ మోగుతుంటే, పిల్లలకు ఎన్ని నీతులు చెప్పినా ఎక్కవు కదా!

ఇతర దేశాల్లోనూ ఇదే దారి. ఫ్రాన్స్ 2018లోనే చట్టం చేసింది. మన తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ టెక్సస్‌లో కూడా 2025లో ప్రభుత్వ బడులకు ఇలాంటి చట్టమే వచ్చింది. ఢిల్లీ హైకోర్టు మాత్రం అదే ఏడాది, పూర్తి నిషేధం ఆచరణలో సాధ్యం కాదంది. ఫోన్ తెచ్చుకోనివ్వండి, వీలున్నచోట బడిలో భద్రపరచండి, తరగతిలో వాడనివ్వకండి అని మార్గం చూపింది.

ఈ రెండు పద్ధతుల్లో ఏది ఎంచుకున్నా, కొన్ని సంగతులు కాగితం మీద స్పష్టంగా ఉండాలి. రెండు బస్సులు మారి వచ్చే ఆడపిల్ల దగ్గర ఫోన్ ఉండాలని తల్లి కోరుకోవడంలో తప్పులేదు. అలాంటి పిల్లల ఫోన్లు పొద్దున్నే ఆఫీసులో తీసుకుని, నంబరు రాసిన టోకెన్ ఇచ్చి, చివరి గంట కొట్టాక తిరిగి ఇవ్వాలి. పోయినా పగిలినా బాధ్యత ఎవరిదో ముందే చెప్పాలి. ఇంట్లో అత్యవసరమైతే ఏ నంబరుకు చేయాలి, ఎవరు ఎత్తుతారు అన్నది తల్లిదండ్రులకు తెలియాలి. షుగర్ ఉన్న పిల్లల్లో కొందరు ఒంటికి పెట్టుకున్న సెన్సర్ రీడింగును ఫోన్‌లోనే చూసుకుంటారు. వాళ్లకు మినహాయింపు ఇవ్వాలి. దొరికిన ఫోన్‌ను నేలకేసి కొట్టడం, అందులోని ఫొటోలు, మెసేజీలు తెరిచి నలుగురిలో చదవడం క్రమశిక్షణ కాదు. తల్లిదండ్రుల్ని పిలిచి ఫోన్ వాళ్ల చేతికివ్వండి, చాలు.

ఇక అసలు సంగతికొద్దాం. సాయంత్రం ఆరవుతుంది. అమ్మ ఫోన్‌లో క్లాసు వాట్సాప్ గ్రూపు మోగుతుంది. నల్లబల్ల మీది లెక్కల ఫొటో, తెలుగు ప్రశ్నల పీడీఎఫ్, రేపటి ప్రాజెక్టు వివరాలు. అమ్మ పొయ్యి దగ్గర ఉంటుంది. "చూసి రాసుకోరా" అని ఫోన్ ఇస్తుంది. రెండు లెక్కలు అయ్యేసరికి పైనుంచి ఒక నోటిఫికేషన్ జారుతుంది. మూడో లెక్క దగ్గర వాడు రీల్స్‌లో ఉంటాడు. పొద్దున బడి గేటు దగ్గర వద్దన్న ఫోన్‌ను, సాయంత్రం వాడి చేతిలో పెట్టింది ఆ బడే. తిట్లు మాత్రం వాడికి!

గ్రామీణ పిల్లల మీద జరిగిన అసర్ 2024 సర్వే చూడండి. స్మార్ట్‌ఫోన్ వాడడం తెలిసిన 14 నుంచి 16 ఏళ్ల వాళ్లలో, సర్వేకు ముందు వారంలో చదువు పనికి ఫోన్ వాడినవాళ్లు 57 శాతమైతే, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు 30 బడుల్ని పరిశీలించి 2025లో ఫలితాలు ప్రకటించారు. బడిలో ఫోన్లు కట్టడి చేసినంత మాత్రాన పిల్లల మానసిక స్థితి మెరుగైనట్టు కనబడలేదట. రోజు మొత్తంలో ఫోన్‌తో గడిపే సమయం పెరిగేకొద్దీ మాత్రం పరిస్థితి అధ్వానంగా ఉందట. అలాగని బడిలో నిషేధం దండగ అనుకోకండి. పాఠం జరిగే ఆ కాసేపైనా పిల్లవాడి ధ్యాస పాఠం మీద ఉండాలంటే అది అవసరమే. కానీ బడిలో మిగిల్చిన సమయాన్ని ఇంట్లో పోగొట్టుకుంటే ప్రయోజనం ఏముంది?

అందుకే బడుల యాజమాన్యాలకు నా విన్నపం. హోంవర్కు చివరి పీరియడ్‌లో డైరీలో రాయించండి. గ్రూపులో సెలవు కబురో, ఫీజు కబురో పెద్దలకు పంపండి, పిల్లలు చేయాల్సిన పని పెట్టకండి.

తల్లిదండ్రులకూ ఒక మాట. క్లాసు జరుగుతుండగా పిల్లలకు ఫోన్ చేయకండి, ఆఫీసుకు చేయండి. రాత్రి భోజనాల వేళ ఇంటిల్లిపాదీ ఫోన్లు పక్కన పెట్టండి, నాన్నగారి ఫోన్‌తో సహా. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగాక, ఫోన్ల నిబంధన కాగితం చూపించమని అడగండి. అందులో ఒక్క వాక్యమే ఉంటే, మిగతాది కూర్చుని రాయించండి.