చేతి ఫోనుకు చిక్కిన చుక్కలు

వేసవి రాత్రులలో ఇంటిల్లిపాదియు ఆరుబయట నులకమంచములు వేసికొని, చుక్కలను లెక్కించుచు నిద్రించిన రోజులు మనలో నలువది ఏండ్లు దాటిన వారికి జ్ఞాపకముండును. నాయనమ్మలు వ్రేలు చాచి ముసలమ్మ మంచమును, పిల్లలకోడిని చూపి కథలు చెప్పెడివారు. ఆ మంచమే సప్తర్షి మండలమనియు, ఆ కోడియే కృత్తికలనియు బడికి పోయిన పిమ్మట గాని మాకు తెలియలేదు. నేడు మంచము గదిలోనికి పోయినది. నాయనమ్మ చూపిన వ్రేలికి బదులు మన చేతికి ఫోను వచ్చినది. ఆ ఫోనునే పట్టుకొని మరల ఆరుబయటకు రావచ్చుననియు, దానితో రాత్రి ఆకాశమును ఛాయాచిత్రముగా తీయవచ్చుననియు చెప్పుటయే ఈ ప్రసంగోద్దేశము. అయితే ఈ పనికి మంచి ఫోను ఒక్కటియే చాలదు. మంచి చీకటి కూడ కావలెను. ఈ సంగతి మాకు తెలిసివచ్చిన విధమును ముందుగా మనవి చేసెదము.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానమున కొబ్బరి, జీడి తోటలు నేలకూలినవి. అనేక గ్రామములకు కొన్ని దినముల వరకు విద్యుత్తు లేదు. ప్రజల మాటలను ధ్వనిముద్రణ చేయుటకై మేమచ్చటికి పోయితిమి. తుపాను వెళ్ళిన మూడవ రాత్రి నెలవంక అస్తమించిన తరువాత ఒక రైతు ఇంటి ముంగిట నిలిచి తల యెత్తి చూచితిమి. పడమటి నుండి ఈశాన్యము వరకు వంగి పాలపుంత స్పష్టముగా కనబడినది. చిన్ననాటి తరువాత అట్టి ఆకాశమును మేము చూచి యుండలేదు. మా ఆశ్చర్యమును గమనించి ఆ ఇంటి వృద్ధురాలు ఇట్లనెను: “సుక్కలన్నీ బాగా కనిపిత్తన్నాయి బాబూ. అడ్డానికి కొబ్బరి సెట్లు నేవు గదా.”

ఆ మాటకు మాయొద్ద జవాబు లేకపోయినది. కొంతసేపటికి జేబులోని ఫోను తీసి ఆకాశము వైపు త్రిప్పి నొక్కితిమి. తెరపై నల్లని పలక తప్ప మరేమియు రాలేదు. ఆమె మాట ధ్వనిముద్రణమున నిలిచినది. ఆ ఆకాశము మాత్రము నిలువలేదు. ఆ రాత్రి కలిగిన వెలితియే తరువాత మా చేత ఈ విద్యను నేర్పించినది.

మనము తలచునట్లు ఇది కెమేరా దోషము కాదు. చూరు క్రింద బిందె పెట్టి వాననీరు పట్టుట మీరెరుగుదురు. సన్నని తుంపర కురియునప్పుడు క్షణమున కొకమారు బిందెను వంచివేసినచో నీరు కానరాదు. గంటసేపు కదల్చక ఉంచినచో అడుగైనను తడిసి, కొంత నిలుచును. నక్షత్రముల వెలుగు ఆ తుంపర వంటిది. మన కన్ను ఒక క్షణములోనే పలుమారులు బిందెను వంచివేయును. కెమేరా అట్లు కాక, తెరచి ఉంచినంత సేపును వెలుగును కూడబెట్టగలదు. పగటి ఫోటోకు సెకనులో నూరవ వంతు చాలును. చుక్కల ఫోటోకు పది, ఇరువది సెకనులు కావలెను.

ఇచ్చట ఒక చిక్కు కలదు. భూమి తిరుగుచున్నది గనుక ఆకాశము గంటకు 15 డిగ్రీల చొప్పున, అనగా నాలుగు నిమిషములకు ఒక డిగ్రీ చొప్పున జరిగినట్లు కనబడును. చంద్రబింబము వెడల్పు అర డిగ్రీ మాత్రమే. కావున నాలుగు నిమిషములు కెమేరాను ఏకబిగిని తెరచి ఉంచినచో చుక్క చుక్కగా నిలువదు. రెండు చంద్రబింబములంత పొడవు గీతగా సాగును. ఫోనులు తయారుచేయువారు దీనికొక ఉపాయము కనుగొనిరి. ఒక పెద్ద ఫోటోకు బదులు పెక్కు చిన్న ఫోటోలు తీసి, ఒక్కొక్క దానిలో జరిగిన చుక్కలను మొదటి దానితో సరిపోల్చి, ఒకదానిపై నొకటి పేర్చుట ఆ ఉపాయము. చుక్క ప్రతి ఫోటోలోను ఉండును. కెమేరాలో పుట్టిన చిల్లర మరకలు ఒక్కొక్క దానిలో ఒక్కొక్క చోట ఉండును. పేర్చినకొలది చుక్క నిలుచును, మరక తరిగిపోవును. గూగుల్ సంస్థ తన పిక్సెల్ ఫోనులకు ‘నైట్ సైట్’ అను సౌకర్యమును 2018 నవంబరులో, అనగా తిత్లీ వెళ్ళిన మరుసటి నెలలోనే ఇచ్చినది. 2019లో వచ్చిన పిక్సెల్ 4 ఫోను 16 సెకనుల ఫోటోలను 15 వరకు తీసి, నాలుగు నిమిషములలో ఒక నక్షత్ర చిత్రమును కూర్చగలిగినది. ఆ ఏడే ఐఫోను 11లో ‘నైట్ మోడ్’ వచ్చినది. నేడు మధ్యతరగతి ఇండ్లలోని పెక్కు ఫోనులలో ఇట్టి సౌకర్యము ఏదో ఒక పేరుతో ఉన్నది.

ఆకాశమును పలకపై నిలుపుట మన తెలుగునేలకు కొత్త కాదు. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును గుంటూరునుండి మేజర్ టెనంట్ బృందము ఫోటోలు తీసినది. మందు పూసిన గాజుపలక తడి ఆరకముందే ఫోటో తీసి, వెంటనే కడుగవలసిన కాలమది. మనకు మరింత సమీపమున, విశాఖపట్నము డాబాగార్డెన్సులో గోడె వెంకట జగ్గారావుగారు 1840లోనే స్వంత వేధశాలను నెలకొల్పిరి. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని సాగించి, 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమును దాటిపోవుటను పరిశీలించిరి. వేధశాలలో ఘటన యెంత ముఖ్యమో, అది జరిగిన గడియ అంత ముఖ్యము. అరసవల్లిలో సూర్యకిరణములు స్వామి పాదములను తాకుటను చూడబోవువారు మార్చి, అక్టోబరు నెలలలో నియమిత దినములకే పోవుదురు గదా! ఆకాశము విషయమున తేదీ లేని మాట సగము మాటయే. మనము తీయు ఫోటోకు కూడ ఊరు, తేదీ, వేళ వ్రాసిపెట్టుకొనుట మంచిది.

ఇక సాధనకు వచ్చెదము. మొదట మేము కళింగపట్నము తీరమునకు పోయితిమి. ఫోనును చేత పట్టుకొని తీసిన మొదటి చిత్రమున చుక్కలన్నియు వానపాములైనవి. ఇసుక నింపిన గుడ్డసంచిపై ఫోనును ఆనించి, మీట నొక్కిన పది సెకనులకు గాని తీయకుండునట్లు టైమరు పెట్టిన పిమ్మట చుక్కలు కుదురుకొనినవి. మూడవ చిత్రము పొగ కమ్మినట్లున్నది. ఉప్పుగాలి తేమ లెన్సుపై పట్టినదని ఆలస్యముగా తెలిసినది. అప్పటినుండి మెత్తని పొడిగుడ్డ మా జేబులో ఉండును. ఫ్లాష్ ఆపవలెను. ఫోనులో చేతితో మార్చుకొను వీలున్నచో, దృష్టిని అనంతదూరమునకు నిలిపి, ఐ.ఎస్.ఓ. 1600 మొదలు 3200 వరకు, వ్యవధి 15 మొదలు 20 సెకనుల వరకు ఉంచి చూడవచ్చును. చంద్రునికి మాత్రము ఈ లెక్క తలక్రిందులు. అది ఎండలో నున్న కొండ వంటిది గనుక, ఐ.ఎస్.ఓ. 100 పెట్టి, వ్యవధిని సెకనులో నూరవ వంతునకు తగ్గింపవలెను. చుక్కలకైతే అమావాస్యకు అటునిటు ఉన్న రాత్రులే తగినవి.

కంటికి చీకటి పూర్తిగా అలవాటు పడుటకు ఇరువది, ముప్పది నిమిషములు పట్టును. ఈలోపల ఒక్కమారు ఫోను తెర వెలిగించి చూచినను మరల మొదటికి వచ్చును. ఆ సమయమున రేడియో వినుట మాకలవాటు. దీపము అక్కరలేని వినోదము అదియే గదా!

మేమట్లు కూర్చుండగా వలలు సవరించుకొని పోవుచున్న ఒక మత్స్యకారుడు మా చిత్రమును తొంగిచూచి, “మా కంటికి తెల్లగా మబ్బులాగే ఉంది. మీ ఫోన్లో ఈ రంగెక్కడిది బాబూ? నిజివేనా?” అని యడిగెను. ఇంతకంటె మంచి ప్రశ్నను మమ్ములను ఎవరును అడిగి యుండలేదు. మసక వెలుగులో మన కంటికి రంగు తెలియదు. రంగును గుర్తించు కణములకు ఎక్కువ వెలుగు కావలెను. వెలుగును కూడబెట్టిన కెమేరాకు ఆ రంగు అందును. కనుక అది అబద్ధము కాదు. అయితే ఫోను తనంతట తానుగా రంగును గాఢము చేయుటయు, చంద్రుని మచ్చలను మెరుగు పెట్టుటయు కూడ ఉన్నవి. వానిని మరింత పెంచి, “మేము కంటితో చూచినది ఇదియే” యని ఇతరులకు పంపుట ఉచితము కాదు. ఇన్ని సెకనుల వెలుగును కూడబెట్టిన చిత్రమని చెప్పిన చాలును. ఆ మత్స్యకారునికి మేమట్లే చెప్పితిమి. అతడు తల యూచి, “అయితే మన కన్నే తొందర పడతన్నాదన్నమాట” అని పోయెను.

మన జిల్లాల వారు ఏ కాలమున ఏమి చూడవచ్చునో కొంచెము చెప్పెదము. శ్రీకాకుళమున, విజయనగరమున ధ్రువనక్షత్రము ఉత్తర దిక్కున సుమారు 18 డిగ్రీల ఎత్తున ఉండును. చేయి చాచి పట్టిన పిడికిలి సుమారు పది డిగ్రీలు. కావున రెండు పిడికిళ్ళకు కొంచెము తక్కువ. అటువైపు ఫోనును నిలిపి గంటసేపు వరుసగా ఫోటోలు తీసి కలిపినచో, చుక్కలన్నియు ధ్రువుని చుట్టును వంపు గీతలుగా తిరిగిన చిత్రము వచ్చును. ఫిబ్రవరి రెండవ వారమున రాత్రి తొమ్మిది గంటలకు దక్షిణమున దాదాపు రెండు పిడికిళ్ళ ఎత్తున అగస్త్య నక్షత్రము నిలుచును. మే నెల నడుమ అదే వేళకు, అంతకంటె క్రిందుగా, త్రిశంకు అని పలువురు చెప్పెడి దక్షిణ శిలువ కనబడును. ఉత్తర భారతమున చాల ప్రాంతములకు ఈ భాగ్యము లేదు. మార్చి చివర తెల్లవారుజామున నాలుగు గంటలకు పాలపుంత నడిబొడ్డు ఆగ్నేయమున సముద్రముపై నిలిచి యుండును. వినాయకచవితికి మనము పాలవెల్లి కట్టుదుము గాని, ఆ పేరుగల అసలు వెల్లి పైన ఉన్నదని పిల్లలకు చూపిన తల్లిదండ్రులు ఎందరు?

చూపవలెనన్న చీకటి ఏదీ? వీధికొక తెల్లని దీపము, గేటుకొక దీపము, ఎవరును లేని డాబాపై మరియొక దీపము. ఈ వెలుగులో కొంత ఆకాశమునకే పోవుచున్నది. నష్టము చుక్కలు చూచువారికే కాదు. మన తీరమున ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గ్రుడ్లు పెట్టును. పిల్లలు రాత్రివేళ ఇసుకనుండి వెలువడి, వెలుగున్న దిక్కే సముద్రమనుకొని నడచును. తీరమున మన దీపములు వెలుగుచుండిన అవి ఊరివైపు నడచి చనిపోవును. కావున తీరమునకు ఫోటోలకై పోవువారు టార్చిలైటు ఊపవలదు. తప్పనిసరియైనచో ఎర్రని కాగితము చుట్టి క్రిందికి త్రిప్పి వాడవలెను. దీపములు వలదని మేము చెప్పుట లేదు. చీకటిలో పాముకాటుకు గురియైన వారి సంగతి పల్లెల వారికి తెలియును. దారికి కావలసిన దీపము దారిపైననే పడవలెను. దానికి మూత ఉండవలెను. అక్కర తీరిన పిమ్మట ఆర్పవలెను. ఇంతియే మా మనవి.

2024 ఫిబ్రవరి 9వ తేదీ అమావాస్యనాడు మేము మరల ఉద్దానమున ఆ రైతు ఇంటికి పోయితిమి. తుపాను తరువాత నాటిన కొబ్బరి మొక్కలు మనిషి ఎత్తును దాటినవి. రాత్రి తొమ్మిది గంటలకు ముంగిట పీట వేసి ఫోనును నిలిపితిమి. అరుగుమీది దీపపు వెలుగు మొక్కలపై పడి చిత్రము తెల్లబారుచుండెను. ఆ దీపమును ఆర్పుమని అడుగుటకు, ఆనాటి చీకటిని తలచుకొని, మాకు నోరు రాలేదు. మా తటపటాయింపు కనిపెట్టి ఆ వృద్ధురాలే లేచి మీట నొక్కి, “దీపం ఆరపడానికి తుపానే రావాలేటి బాబూ?” అనెను.

ఆ చిత్రము మాయొద్ద ఉన్నది. లేత కొబ్బరి మట్టల నడుమ అగస్త్యుడున్నాడు. క్రింద ఊరు, తేదీ, వేళ వ్రాసి ఆమె మనుమని ఫోనుకు పంపితిమి. తుపాను నాటి నల్లని పలకను కూడ మేము పారవేయలేదు. రెండును ప్రక్కప్రక్కన ఉంచితిమి. రాబోవు అమావాస్యకు మీరును, ప్రసంగము ముగిసిన తరువాత, అరుగుమీది దీపమును అరగంట ఆర్పి బయట కూర్చుండుడు. ముందు కంటితో చూడుడు. పిమ్మట ఫోను తీయుడు. ఇంట పిల్లలున్నచో ముసలమ్మ మంచము ఎక్కడున్నదో వారికి వ్రేలితోనే చూపుడు.