వైద్య మండలిలో ఎవరు కూర్చుందురు?
(మార్కాపురం, గిద్దలూరు ప్రాంతముల పంచాయతీ సభ్యులనుద్దేశించిన ప్రసంగ పాఠము)



కంభం చెరువు తూము ఎగువ రైతుల చేతిలోనే యున్నచో చివరి మడికి నీరందుట కష్టము. ఒక్క అధికారి చేతిలోనే యున్నచో రైతు గోడు వినువారుండరు. వైద్య వృత్తికి అనుమతినిచ్చు మండలి విషయమును ఇట్టిదే. అందెవరు సభ్యులుగా నున్నారను ప్రశ్న వైద్యులకు మాత్రమే సంబంధించినది కాదు.

అల్లోపతి వైద్యము చేయువాని పేరు చట్టరీత్యా రిజిస్టరులో నమోదై యుండవలెను. తప్పు చేసినవానిపై చర్య తీసుకొను అధికారము మండలికి కలదు. 1956 నాటి చట్టము క్రింద భారత వైద్య మండలిలో పెక్కురు వైద్యులే యుండిరి. వారిలో విశ్వవిద్యాలయములనుండియు, రాష్ట్ర రిజిస్టరులనుండియు ఎన్నికైనవారు ముఖ్యులు. అవినీతి ఆరోపణల పిమ్మట 2010లో ఆ మండలిని తొలగించి తాత్కాలిక పాలకవర్గమును నియమించిరి. తమ వృత్తివారిని తామే విచారించుకొనుట చాలదనియు, ఎన్నికకు బదులు ఎంపిక పద్ధతి మేలనియు 2016లో పార్లమెంటు స్థాయీ సంఘము సూచించినది. 2019లో కొత్త చట్టము వచ్చెను. 2020 సెప్టెంబరు 25న జాతీయ వైద్య కమిషన్ ఏర్పడెను.

ఈ కమిషనునకు 33 మంది సభ్యులు. అధ్యక్షుడు ఒకరు; పదవి రీత్యా వచ్చువారు 10 మంది; తక్కిన 22 మంది పార్ట్‌టైమ్ సభ్యులు. ఈ 22 మందిలో 10 మంది రాష్ట్రముల తరఫువారు, 9 మంది రాష్ట్ర వైద్య మండలుల తరఫువారు. వీరు వంతుల వారీగా రెండేండ్లు కూర్చుందురు. మిగిలిన ముగ్గురిని న్యాయము, వైద్య నీతి, ఆర్థికము, రోగుల హక్కులు మొదలగు రంగములనుండి తీసుకొందురు. ఆ ముగ్గురిలో రోగుల పక్షమువాడు ఒక్కడైనను తప్పక యుండవలెనన్న నియమము లేదు.

ఎన్నికైన ప్రతినిధుల బలము తగ్గి ప్రభుత్వ ప్రాబల్యము పెరిగెనని వైద్యులు ఆక్షేపించిరి. 2019 జూలై 31న భారత వైద్య సంఘము దేశవ్యాప్తముగా నిరసన తెలిపినది. ఆ ఆక్షేపణ ఆలోచింపదగినదే. అయినను మన ప్రశ్న వేరు. రాష్ట్ర మండలి నిర్ణయముపై వైద్యుడు అప్పీలు చేసుకొనవచ్చునని 2019 చట్టము 30వ సెక్షను స్పష్టముగా చెప్పినది; రోగి మాట అందు చెప్పలేదు. చివరి మడి రైతు పరిస్థితి ఇదియే.

నల్లమల అంచు పల్లెలలో అర్ధరాత్రి తలుపు తట్టుటకు అందుబాటులో నున్నవాడే వైద్యుడు. అతని పేరు రిజిస్టరులో లేకపోవచ్చును. రిజిస్టరులో లేకుండ వృత్తి సాగించినచో ఏడాది వరకు జైలు, లేక 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధించు వీలు కలదు. కాని శిక్షతో మాత్రమే పల్లెకు వైద్యుడు రాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో వైద్యుడుండునట్లు చూచుటయు మన బాధ్యతయే.

కావున మీరు చేయదగిన పనులు మూడు. వైద్యుని రిజిస్ట్రేషను సంఖ్య అడుగుట తప్పు కాదని గ్రామస్థులకు తెలుపుడు. మందుల చీటీలు, రసీదులు భద్రపరచుమని చెప్పుడు. అన్యాయము జరిగినపుడు వానిని జతపరచి ఆంధ్రప్రదేశ్ వైద్య మండలికి వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయించుడు. మండలిలో రోగికి స్థానము, అప్పీలు హక్కు ఉండవలెనని మీకు తోచినచో, గ్రామసభలో చర్చించి తీర్మానమును మీ శాసనసభ్యునకు, పార్లమెంటు సభ్యునకు పంపుడు.

చట్టము చేయువారు ఢిల్లీలో నున్నను, దాని లోటు మొదట తెలియునది పల్లెలోనే. ఆ లోటును పైవారికి ఎరుకపరుపవలసినవారు మీరే.