పసిబిడ్డ ఏడుపుకు వెన్నెముక చికిత్స అవసరమా?



మన అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో ఉద్యోగాల కోసం వచ్చి అద్దె ఇళ్లలో ఉంటున్న చిన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రాత్రిపూట బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే పక్కన పెద్దవాళ్లు ఉండరు. ఇంటివాళ్లు ఏమంటారోనని భయం వేరే. "నరం పట్టింది, గట్టిగా రుద్దించండి" అని ఒకరంటారు. "వెన్నెముక సరిచేసే కైరోప్రాక్టిక్ చేయించండి" అని మరొకరంటారు. ఎవరి మాట వినాలి?

ముందు ఈ ఏడుపు ఏమిటో తెలుసుకుందాం. పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతున్న బిడ్డ రోజుకు 3 గంటలకు మించి, వారానికి 3 రోజులకు మించి కారణం లేకుండా ఏడుస్తుంటే దానిని కోలిక్ అంటారు. సాధారణంగా రెండు మూడు వారాల వయసులో మొదలై, ఆరో వారానికి బాగా ఎక్కువై, 3 నుంచి 4 నెలలకు దానంతట అదే తగ్గిపోతుంది.

కైరోప్రాక్టిక్ 1895లో అమెరికాలో మొదలైంది. వెన్నుపూసలను చేతులతో నొక్కి సర్దడం ఈ పద్ధతి. కోలిక్‌కు ఇది పనిచేస్తుందా అని నార్వేలో పరీక్షించి, ఫలితాలను 2001లో ప్రచురించారు. కొందరు బిడ్డలకు ఈ చికిత్స చేశారు. మిగిలిన వారిని ఒక నర్సు 10 నిమిషాలు ఊరికే ఎత్తుకుంది. ఎవరికి ఏది జరిగిందో తల్లిదండ్రులకు చెప్పలేదు. చికిత్స పొందిన 46 మందిలో 32 మందికి, ఊరికే ఎత్తుకున్న 40 మందిలో 24 మందికి ఏడుపు తగ్గింది. చికిత్స వల్లనే తగ్గిందని చెప్పదగినంత తేడా ఇందులో లేదని తేలింది.

మరి "మా బిడ్డకు తగ్గింది" అని కొందరు ఎందుకంటారు? ఏడుపు ఎక్కువగా ఉన్న ఆరో వారంలో తీసుకెళ్తారు. తరువాతి వారాల్లో అది ఎలాగూ తగ్గుతుంది. పేరు మాత్రం చివరగా చేసిన వైద్యానికి వస్తుంది. గ్రైప్ వాటర్‌కు, వస కొమ్ముకు వచ్చిన పేరు కూడా చాలావరకు ఇలాంటిదే.

మెత్తగా నూనె రాయడంలో తప్పు లేదు. కానీ మెడ నిలవని బిడ్డకు మెడ తిప్పడం, వెన్ను నొక్కడం, నీళ్లు పోసేటప్పుడు కాళ్లు పట్టి తలకిందులు చేయడం వద్దు. పొట్ట మీద వాతలు అసలే వద్దు.

పాలు పట్టాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరండి. లైట్లు తగ్గించి, గుండెకు ఆనించుకుని నెమ్మదిగా నడవండి. ఈ పని తండ్రి కూడా చేయాలి. విసుగు వస్తే బిడ్డను చదునైన చోట వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు నిమిషాలు పక్కకు వెళ్లి రండి. కోపంలో బిడ్డను ఎప్పుడూ కుదపకండి. మెదడులో రక్తస్రావమై ప్రాణం పోవచ్చు.

అయితే ప్రతి ఏడుపూ కోలిక్ కాదు. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం, ఆకుపచ్చ వాంతి, విరేచనంలో రక్తం, పొట్ట ఉబ్బి గట్టిపడటం, గజ్జల్లో వాపు, పాలు తాగకపోవడం, మగత — వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. బండి దొరకకపోతే 108కు ఫోన్ చేయండి.

అమ్మా, ఈ ఏడుపు మీ తప్పు కాదు, మీ పాలలో లోపమూ కాదు. ఒక్కరే మోయలేకపోతే మా దగ్గరకు రండి. బిడ్డను కాసేపు మేము ఎత్తుకుంటాం.