ఏటి ఆవలి దేశము

విదేశములలో చదువుకొను విద్యార్థులు శని, ఆదివారములను ఎట్లు గడుపుదురో చెప్పుమనగానే శ్రోతలకు లండను, బెర్లిను, నేటి కాలమునకు డల్లాసు, మెల్బోర్ను తలపునకు వచ్చుట సహజము. మాకు మాత్రము మొట్టమొదట మానవపాడు జ్ఞప్తికి వచ్చినది. కృష్ణా తుంగభద్రల నడుమ, నడిగడ్డ యని జనులు పిలుచుకొను సీమలో, నేటి జోగులాంబ గద్వాల జిల్లాయందున్న ఊరిది. ఈ ప్రాంతపు పిల్లవాడు పరదేశమున చదువుటకు పూర్వము ఓడ యెక్క పని లేకుండెను. తుంగభద్ర దాటిన చాలును. ఆవలి గట్టున కర్నూలు. అది వేఱొక రాజ్యము.

మాట చమత్కారమునకు చెప్పినది కాదు. 1800లో దత్తమండలములు ఆంగ్లేయుల వశమయ్యెను. కర్నూలు నవాబు పాలన 1839లో ముగిసెను. అది మొదలు 1948 వరకు ఏటికి ఈవల నిజాము ప్రభుత్వము, ఆవల కుంఫిణీ, తదుపరి మద్రాసు ప్రభుత్వము. ఈవల హాలీ సిక్కా, ఆవల కల్దారు రూపాయి. నూరు కల్దారులు కావలెనన్నచో సుమారు 116 హాలీ రూపాయలు చెల్లింపవలసి యుండెను. నెలనెలా కొడుకునకు సొమ్ము పంపు తండ్రికి ఈ లెక్క కంఠపాఠము. గట్టున కరోడ్‌గిరి నాకా. అనగా సరకు దాటినచో సుంకము. ఇంటినుండి వచ్చు ఉత్తరముపై ఫసలీ 1340 అని యుండును. పాఠశాల గోడమీది పంచాంగము 1931 జనవరి యని చూపుచుండును. ఇంతకంటె విదేశమునకు ఇంకేమి కావలయును?

అన్నిటికంటె విచిత్రమైనది సెలవు. నిజాము రాజ్యమున వారపు సెలవు శుక్రవారము, మద్రాసు రాజ్యమున ఆదివారము. కర్నూలు విద్యార్థి శనివారము సాయంకాలము బయలుదేరి, పుట్టిలో ఏరు దాటి, దొరికిన బండిపట్టున ఇల్లు చేరినచో మఱునాడు తనకు సెలవే గాని ఊరికి సెలవు కాదు. ఈడు పిల్లలు బడిలో నుందురు. తండ్రి కచేరీ పనిమీద పోయియుండును. తల్లి యొక్కతెయే తీరికగా నున్నట్లు కనబడును. ఆమెకు మాత్రము ఏ ప్రభుత్వమును సెలవిచ్చి యెఱుగదు. ఆమె కట్టిన జొన్నరొట్టెల మూటతో మఱల ఏటి గట్టు. వానకాలమున నీరు పెరిగెనా, పుట్టివాడు వేయనని కూర్చుండును. ఆదివారపు ప్రయాణము సోమవారము దాక సాగును. రైలు వంతెన వచ్చిన తరువాత ఈ బాధ తీరినది.

ఇంత శ్రమ యెందులకు? భాషకొఱకు. 1884 మొదలు నిజాము కచేరీల భాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే. తెలుగు చదువవలెనన్న కోరిక గలవారికి ఏటి ఆవలి గట్టే దగ్గఱ. కాని దీనికి వెల గలదు. కర్నూలు చదువు చదివినవాడు ఇంటికి వచ్చి తన పొలమునకు సంబంధించిన ఉర్దూ కాగితమును మఱియొకరిచే చదివించుకొనవలెను. సర్కారు కొలువునకు ఆ చదువు అక్కఱకు రాదు. పిల్లవానిని ఏ గట్టున చదివింపవలెనను ప్రశ్న నడిగడ్డ ఇండ్లలో కూటి ప్రశ్నయే గాని అభిమాన విషయము మాత్రమే కాదు.

సురవరము ప్రతాపరెడ్డిగారు 1896లో ఈ చేరువనే బోరవెల్లిలో జన్మించిరి. కర్నూలున, హైదరాబాదున, మద్రాసున చదివిరి. 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిరి. తెలంగాణమున కవులు లేరను మాట వినబడినప్పుడు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఏటికి ఇరువైపుల మసలినవారికి, ఒక గట్టును గూర్చి ఇంకొక గట్టు ఏమనుకొనుచున్నదో చెవిని పడకుండునా? సంచికకు బీజము అందులోనే యున్నదని మా ఊహ.

సెలవుదినపు యాత్రలనగా ఇల్లు చేరుటయే కాదు. కర్నూలు విద్యార్థులకు ఆలంపురము చూడదగిన చోటు. అచ్చటి నవబ్రహ్మాలయములు ఏడు, ఎనిమిది శతాబ్దులలో బాదామి చాళుక్యుల కాలమున వెలసినవి. వినోద మేమన, కర్నూలు సహాధ్యాయులకు అది పరరాజ్య యాత్ర. నడిగడ్డ పిల్లవానికి స్వదేశము. స్వర్గబ్రహ్మాలయపు గోడలమీది శిల్పమేమని వారడుగుదురు. అతిథులకు చెప్పవలసినవాడు తానే! ఆలంపుర చరిత్రను లోకమునకు తెలియజేయుటలో గడియారము రామకృష్ణశర్మగారు (1919–2006) చేసిన కృషి ఇట్టి ప్రశ్నలకు సమాధానము లిచ్చినది.

నేటి విద్యార్థికి ఏరు కాదు, సముద్రమే అడ్డు. శనివారము గదిలో కూర్చుండక ఊళ్లు తిరుగుచున్నాడని విని, అప్పు తెచ్చి పంపిన తండ్రి నొచ్చుకొనుట మే మెఱుగుదుము. అయినను తిరుగనిండని మా మనవి. లండను వెళ్లినవాడు ఒక ఆదివారము బ్రిటిషు మ్యూజియమునకు పోయినచో అమరావతి శిల్పములు కనబడును. అవి 1859లో మద్రాసునుండి సముద్రము దాటినవి. వాటిచెంత నిలిచిన తోటివాడు, మీ ఊరి చుట్టుపట్ల ఇట్టివి కలవా యని యడిగినచో ఏమి చెప్పును? కృష్ణాతీరపు కూడవెల్లి సంగమేశ్వరాలయమును శ్రీశైలము జలాశయపు ముంపునుండి తప్పించి, రాయి రాయి విప్పి ఆలంపురమున మఱల నిలిపిన సంగతి చెప్పగలుగుట మంచిదే కదా.

ప్రయాణపు కాగితములు సిద్ధమగు నెలలలో మానవపాటి పిల్లలకు ఒకటి రెండు ఆదివారములు చిక్కకపోవు. ఉదయమున ఆలంపురమునకు బయలుదేరినచో ఆలయములను, ప్రదర్శనశాలను చూచి సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును. రొట్టెల మూట కట్టుకొని పోవుట మేలు.