మండే సరుకుతో మనుషుల్నా?
(షోలాపూరు గేటు మీటింగులో కార్యదర్శి ప్రసంగం)



స్పిరిటు, థిన్నరు డబ్బాలు వేసిన టెంపోలోనే మనవాళ్లనూ ఎక్కిస్తున్నారు. మొన్న ఒక తమ్ముడు డబ్బామీద కూర్చుని బీడీ వెలిగించబోయాడు. పక్కవాడు అగ్గిపెట్టె లాక్కోబట్టి అందరూ బతికారు.

స్పిరిటు సుమారు 17 డిగ్రీల వేడికే మంటందుకునే ఆవిరి వదులుతుంది. మన ఊరి ఎండ 40 దాటుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, కాళ్లదగ్గరే పరుచుకుంటుంది.

డబ్బాకు బిగుతు మూత ఉండాలి. అంచుదాకా నింపరాదు. నిలబెట్టి, తాడుతో కట్టి, ఎండ తగలకుండా తేవాలి. ఆ బండిలో కూలీలు ఎక్కరాదు. రైల్లో అసలే వద్దు. 1989 రైల్వే చట్టం ప్రకారం మూడేళ్లదాకా జైలు. 2023 ఆగస్టులో మదురైలో, పెట్టెలోకి దొంగచాటుగా తెచ్చిన గ్యాసు సిలిండరు తొమ్మిదిమందిని బలిగొంది.

ఎక్కమంటే ఎక్కమని చెప్పండి. కూలి కోస్తే యూనియన్ కొట్లాడి తెస్తుంది. ప్రాణం పోతే ఎవరు తెస్తారు?