సంచార పరిచారికలు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



కార్యదర్శిగారు మమ్ము స్త్రీవిద్యను గూర్చి మాటలాడుడని కోరిరి. ఆ విషయమున ఈ వేదికమీద పెక్కు వత్సరములుగా పెద్దలు చెప్పినదానికి మేము చేర్పగలిగినది స్వల్పము. చదివింపుడని చెప్పితిమి, బాలికలు చదివిరి. చదివినవారు ఇప్పుడేమి చేయుచున్నారో, ఎట్లు బ్రతుకుచున్నారో విచారించుట యుక్తమని తోచి, వారిలో నొక వర్గమును గూర్చి మాత్రమే విన్నవింతుము. వారు నర్సులు, అందును ఒకచోట నిలుకడలేక మూడు నెలలు ఒక ఆసుపత్రిలో, ఆఱు నెలలు మఱియొక ఊరిలో, ఏడాది కాంట్రాక్టుపై వేఱొక జిల్లాలో పనిచేయువారు.

మన కులమునకు పరస్థలగమనము క్రొత్త గాదు. సిరిసిల్ల, జగిత్యాల, కరీంనగరము ప్రాంతముల పద్మశాలీయులు మగ్గము నమ్ముకొని షోలాపురమునకును, భీవండికిని, బొంబాయికిని పోయిరి. పిమ్మట గల్ఫు దేశములకు పోయిరి. పోయినవాడు మగవాడైనచో కష్టజీవి యంటిమి. ఇప్పుడు ఆడుబిడ్డ పెట్టె సర్దుకొని ఉట్నూరునకు బయలుదేరినచో, ‘ఏల పంపితిరి?’ అని తల్లిదండ్రులను నిలదీయుచున్నాము. ఈ భేదమునకు శాస్త్రమందు ఆధారము మాకు కనబడలేదు.

శాస్త్రము మాట వచ్చినది గావున ఒక్కటి చెప్పుదుము. చరకసంహితయందు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యను నాలుగును చికిత్సకు పాదములని చెప్పబడినవి. నాలుగు కోళ్లలో నొకటి పొట్టియైన మంచమెట్లుండునో సభవారికి మేము వర్ణింపనక్కఱలేదు. ఆ పరిచారకునకు ఉపచారము తెలియుట, నేర్పు, రోగియెడ అనురాగము, శుచిత్వము వలయునని ఆచార్యుని మతము. ‘మూడు నెలలకు వచ్చినదానికి అనురాగమెక్కడిది?’ అని యొక పెద్దమనిషి మమ్మడిగెను. రాత్రి రెండు గంటలకు సెలైను సీసా మార్చు చేయి తాత్కాలికమో శాశ్వతమో రోగికి తెలియదు. జీతపు పట్టికకు మాత్రము తెలియును.

2016 అక్టోబరు 11న పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు విభక్తములై జగిత్యాల, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు మొదలగు జిల్లాలేర్పడినవి. పేరులు మాఱినను దారి మాఱలేదు. మన బాలిక గోదావరి దాటి ఉత్తరమునకు పోవలసినదే. ఆదిలాబాదులో 2008లో రిమ్స్ వైద్యకళాశాల వెలసినది. అంతకంటె లోనికి పోయినచో ఇంద్రవెల్లి, నార్నూరు, జైనూరు గూడెములు. వానకాలమున విషజ్వరములు, అతిసారము. పుష్యమాసమున కేస్లాపురపు నాగోబా జాతరకు వైద్యశిబిరములు. పని యెప్పుడు పెరుగునో అప్పుడు చేతులు కావలెను. అందులకే ఈ తాత్కాలిక నియామకములు పుట్టినవి. అవి తమంతట దోషములు గావు.

అచ్చట రోగి గోండి పలుకును, కొలామీ పలుకును. మా శిష్యురాలొకతె మొదటి దినమున ఒక ముసలమ్మ ‘ఏర్’ అని యడుగగా తెల్లబోయి, పిదప అది నీరని గ్రహించినదట. మన ‘ఏరు’ను తలపునకు తెచ్చు ఆ మాటను ఆమె మాకు ఉత్తరములో వ్రాసినది. నలువది యేండ్లు వ్యాకరణము చెప్పిన మాకు ఆ ఉత్తరము పండుగయైనది! ఆఱు నెలలలో ఆమె నూఱు మాటలు నేర్చినది. ఆమె గడువు తీఱగా వచ్చిన మఱియొక బాలిక మరల ‘ఏర్’తోనే మొదలుపెట్టవలసివచ్చినది.

అమెరికాదేశమునందును సంచార నర్సులు గలరు. అచ్చట సాధారణముగ 13 వారముల గడువుకు పోవుదురు. ఇల్లు విడిచి క్రొత్తచోట పని యందుకొనుట కష్టమని యెంచి, బసకు భత్యమిచ్చుటయు, పలుమాఱు స్థిరోద్యోగికంటె హెచ్చుగ చెల్లించుటయు అచ్చటి వాడుక. మనచోట కథ తలక్రిందులు. ఇల్లు విడిచినదానికి తక్కువ. ఇంట నున్నదానికి ఎక్కువ. కోవిడు కాలమున ప్రాణభయము నెదుర్కొని పనిచేసిన తాత్కాలిక నర్సులు వేయికి మించి 2021 జూలైలో తొలగింపబడి, హైదరాబాదు వీథులలో మొఱపెట్టుకొనిరి.

జీతము తక్కువ యగుట ఒకటి, రాకుండుట మఱియొకటి. మా శిష్యురాలు వేఱొకతెకు నాలుగు నెలలు జీతము రాలేదు. ఆసుపత్రివారు గుత్తదారుని చూపిరి. గుత్తదారు ఆసుపత్రిని చూపెను. ఆమె గది అద్దెకు పుస్తెలతాడు తాకట్టుపెట్టినది. అడవిసీమకును ఏజెన్సీ యనియే పేరు, గుత్తసంస్థకును ఏజెన్సీ యనియే పేరు. మొదటిదానిలో పులి యున్నదందురు. మా శిష్యురాండ్రు రెండవదానికే ఎక్కువ వెఱచుచున్నారు. గుత్తదారు జీతమీయనిచో పని చేయించుకొన్న ప్రధానయజమానియే చెల్లింపవలెనని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టము చెప్పెను. 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన క్రొత్త కార్మికస్మృతియందును ఆ నియమము నిలిచియున్నది. మాకు తెలిసిన నర్సులలో ఈ సంగతి నెఱిగినది ఒక్కతెయును లేదు.

కావున తల్లిదండ్రులకు చెప్పుచున్నాము: బిడ్డ విడిచివచ్చు ప్రతి ఆసుపత్రినుండి సేవాపత్రము తెప్పింపుడు. అది కాగితము ముక్క గాదు. రాష్ట్ర వైద్యారోగ్య సేవల నియామక మండలి స్టాఫ్ నర్సుల ప్రకటనలలో 80 మార్కులు పరీక్షకును, 20 మార్కులు ప్రభుత్వాసుపత్రులలోని కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు సేవకును కేటాయించినది. గిరిజనప్రాంతమున ప్రతి 6 నెలలకు 2.5, ఇతరప్రాంతమున 2. అనగా ఉట్నూరులో నాలుగేండ్లు చేసినది 20 మార్కులును పొందును. కరీంనగరులో చేసినదానికి ఐదేండ్లు పట్టును. 2024 జనవరి 31న హైదరాబాదులో వేలకొలది నర్సులకు నియామకపత్రములిచ్చిరి. అట్టి దినమున సేవాపత్రము లేని బిడ్డ, చేసిన సేవను ఎట్లు చూపగలదు? భవిష్యనిధి సంఖ్యయును అట్టిదే. యజమాని మాఱినను సంఖ్య యొక్కటియే. జీతమునుండి కోసిన 12 శాతము అందు జమయైనదో లేదో నెలనెలకు ఫోనులోనే చూచుకొనవచ్చును.

ఇక మనచేతిలోనే యున్న సంగతి. నిరుడు మా యెఱుకలో ఒక సంబంధము తాంబూలముల దాక వచ్చి తప్పిపోయినది. కట్నము గాదు, జాతకము గాదు. ‘పిల్ల పరాయి ఊర రాత్రి డ్యూటీ చేయును’ అని వరుని మేనత్త ఆక్షేపించెను. ఆ మేనత్తగారికే అంతకు మున్ను ఆపరేషను జరిగినపుడు తెల్లవాఱులు ప్రక్కన నిలిచినది ఎవరి బిడ్డయో ఆమెకు తోచలేదు కాబోలు. ఆ వరుడు భీవండిలో రాత్రిపాళి మగ్గము నడపువాడే. ఇట్టి మాట లాడినవారిని సభలో పేరుపెట్టి దూషింపుమని మేము కోరము. పెండ్లిమాటలు నడపు పెద్దలు, అట్టి మాట వచ్చిన చోటనే దానిని ఖండింపవలెనని కోరుచున్నాము.

రెండవది బస. ఒంటరి బాలికకు ఆఱు నెలలకు గది యిచ్చువారు అరుదు. ఇచ్చినను కులమడిగి, రాకపోకల వేళలడిగి, ఏడాది అద్దె ముందుగ నడుగుదురు. మనవారి సత్రములును, సంఘభవనములును ఈ జిల్లాలలో కొన్ని గలవు. పెండ్లిండ్ల దినములలో తప్ప తక్కినకాలము తాళము వేసియుండును. ఒక్కొక్క భవనమున రెండేసి గదులు లోపలి గడియతో, నీటి కుళాయితో, అపరాత్రివేళ వచ్చినను తలుపు తీయు ముసలి కావలియమ్మతో సిద్ధపఱచినచో చాలును. ఇతరకులముల బాలిక వచ్చినను కాదనరాదు. గూడెములో మన బిడ్డకు నీరిచ్చినవారు కులమడుగలేదు.

ఈ ఏటి సన్మానములకు శాలువలు, పూలదండలు కొనుటకై కొంత ధనము ప్రత్యేకింపబడినదని వింటిమి. సన్మానితులలో మేమును ఒకరము. మా శాలువ వెలను ఆ గదులలో నొకదాని గడియకు వినియోగింపుడని కార్యదర్శిగారికి వ్రాసియిచ్చితిమి. పోషకులలో ఎవరైనను ఒక గది బాగుచేయింప నంగీకరించినచో, భోజనవిరామమునకు ముందే వారియొద్దనున్న పట్టికలో పేరు వ్రాయింప వేడెదము.