గిడుగువారి సవర నిఘంటువు ఇప్పుడు ఎవరిది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీతో ఒక్క విషయమే మాట్లాడతాను.

రెండేళ్ల కిందట మా హాస్టల్లో గోడపత్రిక వేస్తున్నాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె గిడుగు రామమూర్తిగారి సవర నిఘంటువులోంచి రెండు పేజీల మాటలు ఎత్తి రాసుకొచ్చింది. చూడవచ్చిన ఒకాయన "దీనికి కాపీరైట్ ఉంటుంది మేడమ్, కేసవుతుంది" అన్నాడు. నేను భయపడి ఆ పేజీలు తీయించేశాను. "మన మాటలే కదా మేడమ్" అంది ఆ పిల్ల. నా దగ్గర జవాబు లేదు. బీఈడీ చదివినా ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత చట్టం తెచ్చుకుని చదివాను. కాపీరైట్ అనేది ఎప్పటికీ ఉండేది కాదు. రాసినవారు బతికినన్నాళ్లూ ఉంటుంది, పోయాక మరికొన్నేళ్లు ఉంటుంది. ఆ ఏళ్లు చనిపోయిన మరుసటి జనవరి 1 నుంచి లెక్కపెడతారు. అవి నిండితే పుస్తకం పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చినట్టు. ఇక ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు.

గిడుగువారి సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో వచ్చాయి. ఆయన 1940లో పోయారు. అప్పటి లెక్క 50 ఏళ్లు. అంటే 1990 డిసెంబరు 31తో సరి. ఆ మరుసటి ఏడాది చివర్లో దాన్ని 60 చేశారు. 1941లో పోయిన టాగూరు రచనల గడువు అప్పుడే తీరబోతోంది, అలా మరో పదేళ్లు పెరిగింది. గిడుగువారి గడువు అప్పటికే తీరిపోయింది. తీరింది మళ్లీ మొదలుకాదు. అంటే నేను పేజీలు తీయించిన నాటికి ఆ పుస్తకం స్వేచ్ఛగా ఉండి ముప్పై ఏళ్లు దాటింది!

వెరియర్ ఎల్విన్ ఒరిస్సా సవరల మతం గురించి 1955లో పెద్ద పుస్తకం వేశారు. ఆయన 1964లో పోయారు. మన దేశంలో 2025 జనవరి 1 నుంచి అదీ అందరిదీ. ఇంగ్లండులో 70 ఏళ్ల లెక్క కాబట్టి అక్కడ 2034 చివరిదాకా ఆగాలి. ఒకే పుస్తకానికి దేశానికో తేదీ, చూడండి.

ఒక జాగ్రత్త. పాత పుస్తకానికి ఈమధ్య ఎవరైనా ముందుమాట రాసినా, అనువాదం చేసినా ఆ కొత్త భాగం వాళ్లదే. దాన్ని ఎత్తుకోకండి.

నాకు అసలు బాధ వేరే ఉంది. మన అమ్మమ్మలు పాడే పాటకు రాసినవారి పేరు లేదు. అందుకని దాన్ని ఎవరైనా తీసుకుపోవచ్చు. కానీ దాన్ని రికార్డు చేసి విడుదల చేస్తే ఆ రికార్డింగు మీద హక్కు చేయించినవారిది, విడుదలైన దగ్గర్నుంచి 60 ఏళ్లు. పాడిన మనిషికీ 50 ఏళ్ల హక్కు ఉందని చట్టమే చెబుతోంది, మనవాళ్లకే తెలియదు. కాబట్టి ఊళ్లోకి ఎవరైనా మైకు పట్టుకొస్తే పాడినవారి పేరు, ఊరు, ఒక కాపీ మనకివ్వాలన్న మాట కాగితం మీద రాయించుకోండి. లేదంటే మీ ఫోనుతో మీరే ముందు రికార్డు చేయండి.

ఈ ఏడాది గోడపత్రికలో ఆ రెండు పేజీలూ పెట్టాం. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్‌లో ఉంది, పిలిపించి ఆమె చేతే రాయించాను. దసరా సెలవులకు వాళ్ల అమ్మమ్మకు చదివి వినిపించిందట. మూడు మాటలు తమ కొండ మీద ఇంకోలా అంటామని ఆవిడ చెప్పిందట. ఆ మూడూ పక్కనే ఎర్ర ఇంకుతో రాశాం.